డైపర్ మానని పిల్లలతో మొదటి క్రూయిజ్: అపోహలు - వాస్తవాలు

"ఓడలో కిడ్స్ క్లబ్ ఉంటుందట కదండీ, బాబును కాసేపు అక్కడ వదిలేస్తే మేమూ కొంచెం ఊపిరి తీసుకుంటాం." హైదరాబాద్‌లో క్రూయిజ్, అంటే విహార ఓడ ప్రయాణాల బుకింగులు చేసే నాకు ఈ మాట వినపడని వారం ఉండదు. అడిగేది ఎక్కువగా తల్లులే. ఆఫీసు, ఇల్లు, సగం సగం నిద్రల మధ్య నలిగిపోయి, వంట, ట్రాఫిక్ లేని నాలుగు రోజుల కోసం వస్తారు. ఆ ఆశలో తప్పేమీ లేదు. బాబు వయసెంత అని అడుగుతాను. "వచ్చే నెలకు రెండు నిండుతాయి." అప్పటికే ఏదో రీల్‌లో ఒక ఓడను చూసి మనసులో ఖాయం చేసుకుని ఉంటారు. దాని మీద స్లైడ్లు, సర్ఫింగ్, రంగురంగుల పూల్స్ అన్నీ ఉంటాయి. రెండేళ్ల బాబుకు మాత్రం వాటిలో దాదాపు ఒక్కటీ పనికిరాదు.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని గురించే వివరంగా చెప్తాను.

అపోహ: ఓడ ఎంత పెద్దదైతే చిన్నపిల్లలకు అంత మంచిది. కిడ్స్ క్లబ్ వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చాలా పెద్ద కంపెనీల్లో కిడ్స్ క్లబ్ మూడేళ్లు నిండిన పిల్లలకే. సింగపూర్ నుంచి మనవాళ్లు ఎక్కే రాయల్ కరీబియన్ ఓడల్లో అడ్వెంచర్ ఓషన్ అనే క్లబ్ ఉంటుంది. దానికి షరతులు రెండు: మూడేళ్లు నిండాలి, డైపర్ పూర్తిగా మానేసి ఉండాలి. పుల్-అప్స్ (ప్యాంటులా తొడిగే డైపర్లు) కూడా కుదరవు. డిస్నీ ఓడల్లోని క్లబ్బులకూ ఇవే రెండు షరతులు. రెండేళ్ల పదకొండు నెలలంటే వాళ్ల లెక్కలో రెండేళ్లే. "అక్కడికెళ్లి స్టాఫ్‌ను బతిమాలితే ఒప్పుకుంటారట" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని వస్తారు కొందరు. ఒప్పుకోరు. పాస్‌పోర్టులో పుట్టినతేదీ వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటుంది. దయచేసి ఈ పుకారును ఇంకొకరికి ఫార్వర్డ్ చేయకండి.

మూడేళ్లలోపు పిల్లలకు ఉండేది నర్సరీ. రాయల్ కరీబియన్‌లో అది 6 నుంచి 36 నెలల పిల్లలకు, అదీ కొన్ని ఓడల్లోనే. డిస్నీలో 6 నెలల నుంచి మూడేళ్ల వరకు. రెండు చోట్లా గంటకింత అని విడిగా కట్టాలి. తీసుకునే పిల్లల సంఖ్య తక్కువ, ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఎక్కాక చూద్దాంలే అనుకుంటే డిన్నర్ వేళ, షో వేళ స్లాట్లు మీకు మిగలవు.

ఇక పూల్. ఈ సంగతి చెప్పగానే ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహం వాడిపోవడం నాకు బాగా తెలుసు. డైపర్ వాడే పిల్లల్ని ఓడ మీది మామూలు పూల్‌లోకీ, జకూజీ అనే వేడినీళ్ల తొట్టిలోకీ దించనివ్వరు. నీళ్లలో వాడే స్విమ్ డైపర్ వేసినా అంతే. అది కటువుతనం కాదు. స్విమ్ డైపర్ గట్టిగా ఉన్నదాన్ని ఆపుతుందేమో గానీ, విరేచనాలైనప్పుడు క్రిములు నీళ్లలో కలవకుండా ఆపలేదు. ఓడ మీద పూల్ చిన్నది, అవే నీళ్లను వడకట్టి తిప్పుతుంటారు, వేల మంది ఒకే చోట తిని, పడుకుని, తిరుగుతుంటారు. కడుపు ఇన్ఫెక్షన్ ఒకరికి వస్తే పదిమందికి పాకడానికి ఎంతోసేపు పట్టదు. అమెరికా రేవులకు వెళ్లే ఓడల శుభ్రతను తనిఖీ చేసే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనల్లో ఈ నిషేధం ఉంది. పెద్ద కంపెనీలు మిగతా సముద్రాల్లోనూ ఇదే పాటిస్తాయి. కొన్ని ఓడల్లో డైపర్ పిల్లల కోసమే విడిగా స్ప్లాష్ ఏరియా ఉంటుంది. మీరు చూస్తున్న ఓడలో అది ఉందో లేదో ఓడ పేరు చెప్పి మరీ అడగండి. కంపెనీ పేరు చాలదు, ఒకే కంపెనీలో ఒక ఓడలో ఉన్నది ఇంకోదాంట్లో ఉండదు.

సర్ఫింగ్ మెషీన్ ఫ్లోరైడర్ మీద పడుకుని ఆడాలన్నా 52 అంగుళాల ఎత్తు ఉండాలి. మూడేళ్ల పిల్లలు సుమారు 37, 38 అంగుళాలుంటారు. పెద్ద స్లైడ్లకూ ఎత్తు పరిమితులుంటాయి. అంటే ఆ ఓడకు మీరు ఎక్కువ చార్జీ కట్టేది వేటి కోసమో, వాటి దగ్గర మీ పాపను పక్కన నిలబెట్టి చూపించడమే అవుతుంది.

మియాపూర్ నుంచి ఒక జంట వచ్చారు, వాళ్ల పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. బుకింగ్ వేరేచోట అయిపోయింది, వీసా కాగితాల కోసం నా దగ్గరికొచ్చారు. అమ్మినవాళ్లు "పిల్లలకు స్వర్గమండీ" అన్నారు తప్ప వయసు అడగలేదు. పాప తల్లి స్విమ్ డైపర్లు, బుల్లి గాగుల్స్ కూడా కొనేసింది. నేను విషయం చెప్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తేదీ మార్చడానికి వీల్లేని చార్జీ, రద్దు చేస్తే డబ్బంతా పోతుంది. వెళ్లొచ్చారు. "షో ఆయన చూసొస్తే నేను గదిలో, నేను వెళ్తే ఆయన గదిలో. ఇద్దరం కలిసి ఒక్కటీ చూడలేదక్కా" అంది తర్వాత. అదే ప్రయాణం నాలుగు నెలలు ఆగి, డైపర్ మాన్పించి చేసి ఉంటే క్లబ్బూ, స్విమ్మింగ్ పూలూ రెండూ అందేవి.

అందుకే నా దగ్గరికొచ్చిన వాళ్లను ముందు రెండే అడుగుతాను: ఓడ ఎక్కే రోజుకు పిల్లల వయసెంత, డైపర్ మానారా లేదా. రెండున్నర దాటి ఉంటే ఆగమంటాను. మనకు కమిషన్ ఆలస్యమైతే అవుతుంది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలైతే ఆగనక్కర్లేదు, కానీ పెద్ద ఓడ మీద డబ్బు పెట్టొద్దు. రెండు నుంచి నాలుగు రాత్రుల చిన్న ప్రయాణం చాలు. మిగిలిన డబ్బు గది మీద పెట్టండి. ఎందుకంటే పిల్ల మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి ఎనిమిది తర్వాత నిద్రపోతుంది, మీరు ఉండేది ఆ గదిలోనే. కిటికీ లేని లోపలి గదిలో లైటు తీసేస్తే చీకట్లో మంచం అంచున కూర్చుని ఫోన్ చూసుకోవాలి. బాల్కనీ ఉంటే తలుపు దగ్గరికేసి ఇద్దరూ బయట కూర్చుని మాట్లాడుకోవచ్చు. చిన్నపిల్లల తల్లిదండ్రులకు క్రూయిజ్‌లో దొరికే అసలు సుఖం అదేనని నా అభిప్రాయం.

అపోహ: బాల్కనీ గది తీసుకుంటే పిల్లలు పడిపోతారు.

వాస్తవం: ఈ భయం నాకు అర్థమవుతుంది, నానమ్మలు, అమ్మమ్మలైతే దీని గురించి ఫోన్ మీద ఫోన్ చేస్తారు. 2010లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం అక్కడి రేవులకు వెళ్లే ఓడల రెయిలింగ్ కనీసం 42 అంగుళాలుండాలి, అంటే రెండేళ్ల పిల్ల తలకన్నా ఎత్తు. రెయిలింగ్ దానంతటది ప్రమాదం కాదు. దాని పక్కన కుర్చీ ఉంటే ప్రమాదం. ఎక్కగానే మీ గది చూసుకునే రూమ్ స్టీవార్డ్‌కు చెప్పి బాల్కనీలోని కుర్చీలు, టీపాయ్ తీయించేయమనండి, మీరు కూర్చునేటప్పుడు మాత్రమే బయట పెట్టుకోండి. బాల్కనీ తలుపు గడియ ఎప్పుడూ వేసి ఉంచండి. పిల్లను ఎత్తుకుని రెయిలింగ్ దగ్గర ఫొటోలు మాత్రం వద్దు, ఎంత గట్టిగా పట్టుకున్నా వద్దు.

అపోహ: రెండేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

వాస్తవం: అది విమానం అలవాటు, అక్కడ ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఓడలో ఆరు నెలల బిడ్డ కూడా లైఫ్‌బోటు లెక్కలో ఒక మనిషే, గదిలో ఎంతమంది ఉండొచ్చన్న లెక్కలోనూ ఒకరే. ఇద్దరి గదిలో బిడ్డను అదనంగా చేర్చలేరు. మూడో మనిషికి చార్జీ తగ్గొచ్చు గానీ పోర్ట్ చార్జీలు, పన్నులు, చాలా కంపెనీల్లో రోజువారీ టిప్స్ బిడ్డకూ పడతాయి. ఆరు నెలలలోపు వాళ్లను ఎక్కించుకోరు, వరుసగా మూడు నాలుగు రోజులు సముద్రంలోనే ఉండే ప్రయాణాలకు కొన్ని కంపెనీలు ఏడాది నిండాలంటాయి. ఇంకో బిడ్డ కడుపులో ఉంటే 24 వారాలు దాటినవాళ్లనూ ఎక్కనివ్వరు.

అపోహ: సముద్రపు కదలికకు చంటిపిల్లలు తట్టుకోలేరు.

వాస్తవం: రెండేళ్లలోపు పిల్లలకు ఈ వికారం చాలా అరుదు. బడి వయసు పిల్లలకే ఎక్కువ, మీకు ఇంకా ఎక్కువ కావచ్చు. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో గది తీసుకోండి. మందుల షాపువాడు ఇచ్చిన వాంతుల సిరప్ తీసుకెళ్లొద్దు. ప్రోమెథజిన్ లాంటివి రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, మీ పిల్లల డాక్టరును అడగండి. అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా అల్లకల్లోలంగా ఉంటుంది. మొదటి ప్రయాణానికి ఆ నెలలు వద్దు.

అపోహ: తిండి దొరకదు, రైస్ కుక్కర్ పట్టుకెళ్లాలి.

వాస్తవం: కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ సెక్యూరిటీలోనే తీసేసుకుంటారు, ఓడలో అగ్నిప్రమాదం అంత పెద్ద భయం. బఫేలో అన్నం, పెరుగు, అరటిపండ్లు, పాలు దొరుకుతాయి, వేడినీళ్లు అడిగితే ఇస్తారు. దొరకనిది మీ బ్రాండు పాలపొడి, అది మాత్రం సరిపడా తీసుకెళ్లండి. మా అబ్బాయి ఏడాదిన్నరప్పుడు ముంబై నుంచి గోవా వెళ్లాం. మా అత్తమ్మ కట్టిచ్చిన రాగిపిండి, వేడినీళ్లతో వాడి కడుపు నిండింది. వాడు ఏడ్చింది తిండికి కాదు, స్నానానికి. ఇంట్లో బకెట్, చెంబు అలవాటున్న పిల్లాడు ఆ ఇరుకు షవర్ పెట్టె, నెత్తిన పడే నీళ్లు చూసి హడలిపోయాడు. చాలా గదుల్లో బాత్‌టబ్ ఉండదు. మడతపెట్టే ప్లాస్టిక్ టబ్, ఒక మగ్గు సూట్‌కేసులో వేసుకోండి. క్రిబ్ (పసిపిల్లల మంచం) ఉచితంగానే ఇస్తారు గానీ బుకింగ్‌లోనే రాయించాలి. స్ట్రోలర్ కారిడార్‌లో ఉంచనివ్వరు కాబట్టి సన్నగా మడిచేది తెచ్చుకోండి.

అపోహ: విశాఖలో టెర్మినల్ వచ్చింది కదా, అక్కడినుంచి ఎప్పుడంటే అప్పుడు ఎక్కొచ్చు.

వాస్తవం: 2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ ఓడ ఎంప్రెస్ అక్కడికి వచ్చింది, 2023 సెప్టెంబరులో టెర్మినల్ ప్రారంభమైంది. అయినా అక్కడినుంచి ప్రయాణాలు కొన్ని తేదీలకే ఉంటాయి. ముంబై, చెన్నై, సింగపూర్ ఏదైనా సరే, పిల్లలతో ఒకరోజు ముందే ఆ ఊరు చేరండి. శంషాబాద్‌లో పొద్దున ఫ్లైట్ ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు.

అపోహ: చిన్నపిల్లే కదా, కాగితాలతో పనేముంది.

వాస్తవం: సింగపూర్ వెళ్లాలంటే నెలల బిడ్డకూ సొంత పాస్‌పోర్టు, సొంత వీసా కావాలి. ఓడ మలేసియా వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదో (ఒకటికన్నా ఎక్కువసార్లు రానిచ్చేదో) కాదో చూసుకోండి. మన ఊళ్లో పని ఆగేది ఎక్కువగా జనన ధ్రువీకరణ పత్రం దగ్గరే. బారసాలకు ముందే తీసుకున్న జీహెచ్ఎంసీ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఉండదు. ముందు మీసేవలో పేరు చేర్పించాలి, తర్వాతే పాస్‌పోర్టు దరఖాస్తు, దానికి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్-డి అనే అంగీకార పత్రం జతచేయాలి. అమెరికాలో పుట్టి ఆ పాస్‌పోర్టు ఉన్న పిల్లలైతే లక్షద్వీప్ ప్రయాణాల్లో పర్మిట్ నిబంధనలు వేరు, ఆ మాట బుకింగ్‌కు ముందే చెప్పండి. ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని ఎవరెంత తొందరపెట్టినా, పిల్ల పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా వాపసు రాని చార్జీ కట్టొద్దు.