అద్దె ఇంటి ఫొటోలు: బెజవాడ ఓనర్ల దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పెళ్లి ఫొటోలతో మొదలైంది నా పని. ముహూర్తాలు లేని రోజుల్లో అద్దె ఇళ్లకు ఫొటోలు తీయడం మొదలుపెట్టాను, ఇప్పుడు అదే ఎక్కువైంది. పటమట, మొగల్రాజపురం, గుణదల, కానూరు, అప్పుడప్పుడు గుంటూరులో బ్రాడీపేట. ఎక్కడికెళ్లినా ఓనర్ల నోట అవే మాటలు వస్తున్నాయి కాబట్టి ఒక్కసారి అన్నీ రాసిపెడుతున్నాను.

అపోహ: గేటుకు టు-లెట్ బోర్డు కట్టాం కదా, ఇంకా ఫొటోలెందుకు?

బోర్డు ఆ వీధిలో తిరిగేవాళ్లకే కనిపిస్తుంది. వెలగపూడి సచివాలయానికి బదిలీ అయిన ఉద్యోగి, మంగళగిరి ఎయిమ్స్‌లో చేరబోతున్న నర్సు మీ వీధిలోకి ఎందుకొస్తారు? వాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వెతుకుతారు. బోర్డు ఉంచండి, దాంతోపాటు ఫొటోలూ పెట్టండి. ఇంకో మాట, ఆషాఢంలో పాలు పొంగించేవాళ్లు తక్కువని ఆ నెలంతా ఖాళీగా వదిలేస్తారు. నిజానికి శ్రావణంలో దిగాలనుకునేవాళ్లు ఇళ్లు చూసుకునేది అప్పుడే. పైగా మబ్బు పట్టిన పగటి వెలుగు గదుల ఫొటోలకు చాలా బాగుంటుంది, నీడలు గాఢంగా పడవు.

అపోహ: పెద్ద కెమెరా ఉంటేనే ఫొటో బాగా వస్తుంది.

అక్కర్లేదు. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. ముందు లెన్స్ మీది జిడ్డు మెత్తటి గుడ్డతో తుడవండి, సగం ఇళ్ల ఫొటోలు మసగ్గా రావడానికి కారణం అదే. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుని, గది మూలలోనో గుమ్మంలోనో నిలబడి, ఫోన్‌ను ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి దాదాపు నాలుగు అడుగుల్లో, నిటారుగా పట్టుకోండి. ద్వారబంధం గ్రిడ్ నిలువు గీతకు సమాంతరంగా ఉండాలి. ఫోన్ కిందికో పైకో వాలిస్తే గోడలు పడిపోతున్నట్టు వస్తాయి, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఇల్లు నచ్చదు.

అపోహ: గది ఎంత పెద్దగా కనిపిస్తే అంత త్వరగా అద్దెకు పోతుంది.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఫోన్లలో మామూలు లెన్స్ దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్ల చూపు ఇస్తుంది, 0.5 అని నొక్కితే వచ్చేది దాదాపు 13. ఈ అంకె ఎంత తగ్గితే ఫొటోలో అంత వెడల్పు పడుతుంది. దాంతో తీస్తే దగ్గరి వస్తువులు సాగిపోతాయి, ఎదురు గోడ దూరం జరిగిపోతుంది. తొమ్మిది బై పది గది హాలంత కనిపిస్తుంది. పటమటలో ఒక పైపోర్షన్‌కు ఓనరు గారు పట్టుబట్టారని అన్ని గదులూ అలాగే తీసిచ్చాను. ఫోన్లు బాగానే వచ్చాయి. బందరు నుంచి ఒక కుటుంబం బస్సులో వచ్చింది, కొడుకు, కోడలు, మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ. రెండంతస్తుల మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కారావిడ. పడకగదిలోకి వెళ్లి ఏమీ మాట్లాడలేదు, గోడ వారగా నిలబడి పాదం ముందు పాదం పెడుతూ ఎదురు గోడ దాకా లెక్కపెట్టుకున్నారు. తిరిగొచ్చి, "మా మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు నాయనా, ఫొటోలో రెండూ పట్టేలా ఉందే" అన్నారు. నేను ఆ పక్కనే ఉన్నాను. చార్జీలు, ఒక రోజు సెలవు, ఆ మెట్లు, అన్నీ నా ఫొటో వల్లే. ఆ ఇల్లు ఆ నెలంతా వచ్చి చూసి వెళ్లిపోయేవాళ్లతోనే గడిచింది. తర్వాత మామూలు లెన్స్‌తో తీసి, ప్రతి గది కిందా టేపుతో కొలిచిన కొలతలు రాయించాను. ఫోన్లు తగ్గాయి కానీ వచ్చినవాళ్లు ఆ కొలతలకు సిద్ధపడే వచ్చారు, అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు.

బాత్రూమ్ లాంటి చోట నిలబడడానికే జాగా ఉండదు కాబట్టి అక్కడ 0.5 వాడక తప్పదు. వాడితే కొలత తప్పకుండా రాయండి.

అపోహ: లైట్లన్నీ వేసి తీస్తే ఇల్లు కళకళలాడుతుంది.

కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైట్ ఒక రంగు, మూల ఉన్న పసుపు బల్బు ఇంకో రంగు. మూడూ కలిస్తే తెల్ల గోడ ఒకవైపు నీలంగా, ఒకవైపు పసుపుగా వస్తుంది. పగటి వెలుగు ఉన్న గదిలో లైట్లు ఆపేయండి. కిటికీలేని వంటగది అయితే వేయండి, కానీ ఒకే రంగువి. తూర్పు గదులకు ఎండ నేరుగా పడే పొద్దున్నే కాకుండా పదకొండు దాటాక, పడమటి గదులకు పొద్దున్న వెళ్లండి. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం వెలుగు మరీ తీవ్రం, కిటికీ తెల్లగా మండిపోయి గదంతా చీకటైపోతుంది. అప్పుడు ఫోన్ తెర మీద గోడ కనిపించే చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు అక్కడ లాక్ అవుతాయి, ఆ తర్వాత కొంచెం తగ్గించుకోవచ్చు.

అపోహ: హాలు, రెండు బెడ్రూములు చూపిస్తే సరిపోతుంది.

ఇంట్లో ఉండబోయే మనిషి అడిగేవి వేరు. వంటగట్టు ఎంత పొడవు, సిలిండర్ ఎక్కడ పెట్టుకోవాలి, వాషింగ్ మెషీన్‌కు కుళాయి, ప్లగ్గు ఉన్నాయా, దేవుడి గూడు ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, బట్టలు ఎక్కడ ఆరేయాలి. వీటికి ఒక్కో ఫొటో ఉంటే ఇరవై ఫోన్లు తప్పుతాయి. గుమ్మం ఏ దిక్కో అందరూ అడుగుతారు కాబట్టి గుమ్మం ఫొటో కింద అదీ రాసేయండి. వీధి, గేటు, మెట్లు, గుమ్మం, హాలు, ఇలా మనిషి నడిచే వరసలోనే ఫొటోలు పెట్టండి.

అపోహ: లోపాలు ఫొటోలో దాచేయాలి.

గోడకు చెమ్మ మరక ఉంటే బాగుచేయించి తీయండి, లేదా ఉన్నదున్నట్టు చూపించండి. క్యాలెండర్ తగిలించి దాచిన మరక చూడ్డానికి వచ్చిన అయిదో నిమిషంలో బయటపడుతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వైపు ఇల్లంటే మొదటి ప్రశ్న "నీళ్లు ఎంతవరకు వచ్చాయి" అనే. ఒక ఓనరమ్మ గారు వరండా స్తంభం మీద నీటి గీత దగ్గర చెయ్యి పెట్టి నిలబడి, ఇదీ తీయి బాబూ అన్నారు. ఆ ఫొటో పక్కనే తర్వాత ఎత్తు చేయించిన స్విచ్ బోర్డుల ఫొటో పెట్టాం. అంత నమ్మకంగా చూపించిన ఇల్లు నేను ఇంకోటి చూడలేదు.

అపోహ: మా ఇల్లే కదా, అద్దెకున్నవాళ్లను అడిగేదేముంది?

ఉంది. వాళ్లింకా ఖాళీ చేయకపోతే ముందురోజే అడిగి, వాళ్లు సరేనన్న టైముకే వెళ్లండి. పిల్లల ఫొటోలు, స్కూలు ఐడీ కార్డులు, టేబుల్ మీద మందులు, ఇవేవీ మీ ప్రకటనలో కనపడకూడదు.

అపోహ: వాట్సాప్‌లో పంపితే ఫొటో ఎలా ఉన్నది అలాగే వెళ్తుంది.

వెళ్లదు, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన ఫొటోను మళ్లీ దించుకుని వాడొద్దు, అసలుది వాడండి. హెచ్‌డీ అని ఎంచుకోండి లేదా డాక్యుమెంట్‌గా పంపండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో తీసిన చోటు వివరాలు కూడా ఫైల్లోనే వెళ్తాయి, అందుకే తీసే ముందే కెమెరాలో లొకేషన్ ఆపేయండి.

అపోహ: ఒకసారి తీయిస్తే ఎన్నేళ్లయినా అవే ఫొటోలు.

రంగులు మారతాయి, పక్కన కొత్త బిల్డింగులు లేస్తాయి. మొన్న గుణదలలో ఒక ఫ్లాట్‌కు వెళ్తే పాత ఫొటోలో పడకగది కిటికీలోంచి కొండ కనిపిస్తోంది, ఇప్పుడు అక్కడ పక్క అపార్ట్‌మెంట్ గోడ ఉంది. ఓనరు గారికి ఆ పాత ఫొటో చాలా ఇష్టం, అయినా తీసేద్దామంటే ఒప్పుకున్నారు. కిటికీ రెక్కలు తెరిచి ఆ గోడతో సహా మళ్లీ తీశాను. తీస్తుంటే సందులోంచి చల్లగా గాలి కొట్టింది. అది ఫొటోలో రాదు కాబట్టి, ఈ గదికి గాలి బాగా వస్తుందని కింద రాయించి వచ్చాను.