కిట్టుకూ ఒక పరీక్ష

చిరంజీవులైన మనవలకూ మనవరాలికీ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న చిన్నదానికి జ్వరమొస్తే వేలు గుచ్చి మలేరియా కిట్టు మీద నెత్తురు చుక్క వేశారు కదా, అప్పుడు పెద్దాడు అడిగాడు: "తాతయ్యా, జ్వరం ఏంటో కిట్టు చెబుతుంది. మరి కిట్టు నిజమే చెబుతోందని ఎవరు చెబుతారు?" గారెలు చల్లారిపోతున్నాయని ఆ పూట దాటేశాను. లాబ్ టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఈ బాకీ ఉంచుకోకూడదు.

కొట్టువాడి కిలో రాయి సరైనదేనని ఎలా తెలుస్తుంది? తూనికలు కొలతల శాఖవాళ్లు తమ దగ్గరున్న అసలు రాయితో పోల్చి ముద్ర వేస్తారు. తన రాయికి తనే ముద్ర వేసుకుంటే మీ నానమ్మ ఒప్పుకుంటుందా? కిట్లకు ఆ అసలు రాయి లాంటిదే శాంపిల్ బ్యాంకు, అంటే జబ్బు ఉందో లేదో ముందే తేల్చి దాచిన నమూనాల నిల్వ.

టీబీ సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థలో టీడీఆర్ అనే పరిశోధన కార్యక్రమం ఉంది. వాళ్లు వేర్వేరు దేశాల్లో దగ్గుతో ఆస్పత్రికొచ్చినవాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల తెమడ, సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట), మూత్రం గడ్డకట్టించి దాచారు. ఎవరికి నిజంగా టీబీ ఉందో కల్చర్ పెట్టి, అంటే తెమడలోని క్రిమిని లాబ్‌లో పెంచి చూసి తేల్చారు. టీబీ క్రిమి మహా నిదానం, పెరిగిందో లేదో తేలడానికి వారాలు పడుతుంది. ఇంత పని ఒక చిన్న కంపెనీ ఒంటరిగా చేయలేదు. అందుకే ఒకచోట కూడబెట్టి, అడిగినవాళ్లకు పంచడం.

ఆ బ్యాంకులో నాకు బాగా నచ్చినవి టీబీ లేనివాళ్ల నమూనాలు. ఆరోగ్యంగా తిరిగే కుర్రాడి రక్తం తెచ్చి "చూశారా, మా కిట్టు లేదనే చెప్పింది" అనడం తేలిక. నెల్లాళ్లుగా దగ్గుతూ, బరువు తగ్గి, అచ్చం టీబీ మనిషిలా ఉండి, టీబీ లేనివాడి రక్తం పెడితేగానీ కిట్టు సత్తా బయటపడదు.

ఆ సీరమ్‌తోనే, మార్కెట్లో ఉన్న 19 టీబీ రక్తపరీక్ష కిట్లను పరీక్షించి 2008లో నివేదిక ఇచ్చారు. ఏ నమూనా ఎవరిదో పరీక్ష చేసేవాళ్లకు తెలియదు, ఇంటర్ పేపర్ల మీద కోడ్ నంబర్లు వేసినట్టే. అన్నిటికంటే బాగా పట్టిన కిట్టు కూడా 100 మంది రోగుల్లో సుమారు 60 మందినే పట్టింది. ఒకటైతే టీబీ లేనివాళ్లలో సగానికి కొంచెం తక్కువమందికి ఉందనేసింది!

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చేసిన లాబ్‌లోనూ అలాంటి రక్తపరీక్షలు చేసేవాళ్లం. ఒక లారీ డ్రైవరు నా చేతి నుంచే పాజిటివ్ రిపోర్టు తీసుకుని ఆరు నెలలు మందులు మింగాడు. అతనికి టీబీ ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు.

2011 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీబీ రక్తపరీక్షలను వాడొద్దంది. 2012 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు తెమడలో క్రిమి జన్యువునే వెతికే సీబీనాట్, మన గోవా కంపెనీ తెచ్చిన ట్రూనాట్ వచ్చాయి.

పెద్దాడు ఊరుకోడు, "మరి అసలు రాయే తప్పయితే?" అంటాడు. అందుకే ఒక్క కల్చర్‌తో సరిపెట్టరు. టీబీ లేదన్నవాళ్లను కొన్నాళ్లయ్యాక మళ్లీ పిలిచి, టీబీ మందులు వేసుకోకుండానే తేరుకున్నారా అని చూస్తారు. ఆ తర్వాతే సీసా మీద 'లేదు' అని రాస్తారు.

దసరాకి రండి. ఈసారి గారెలు వేడిగా ఉండగానే మాట్లాడుకుందాం.

మీ తాతయ్య