కరెంటు తీగ లేని ఇంట్లో కంపెనీ ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి దిగువన ఒక జీడితోటలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటికి కరెంటు తీగ లేదు, సోలారే దిక్కు. ఇలాగే ఉండాలనుకునే వాళ్లకు సోలార్ ఏర్పాటు కూడా చూసిపెడుతుంటాను. వచ్చేవాళ్లలో చాలామంది బ్రెజిల్, కోస్టారికా వర్షారణ్యాల్లో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్ల వీడియోలు చూసి వస్తారు. వీడియోలు ముచ్చటగానే ఉంటాయి. అక్కడి లెక్కలు ఇక్కడ నడవవు, అదే చిక్కు.

అపోహ: మన కొండల్లో ఉన్నదీ వర్షారణ్యమే. అక్కడి ఏర్పాటే ఇక్కడా సరిపోతుంది.

వాస్తవం: మనవి ఆకురాల్చే అడవులు. అసలైన వర్షారణ్యం చూడాలంటే పశ్చిమ కనుమల్లో ఆగుంబె వైపో, అండమాన్‌కో వెళ్లాలి. ఆగుంబెలో ఏటా సుమారు 7,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన జిల్లాలో 1,100కు కాస్త అటూ ఇటూ. అయితే వాన తక్కువ కదా అని సంబరపడకండి. భూమధ్యరేఖకు దగ్గరి అడవుల్లో చాలాచోట్ల పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక వాన దంచుతుంది. బ్యాటరీ రోజూ ఎంతో కొంత నిండుతుంది. మనకు నెలల తరబడి ఎండే ఎండ. అల్పపీడనం పట్టిందంటే మాత్రం నాలుగైదు రోజులు ముసురు వదలదు. పైగా భూమధ్యరేఖను ఆనుకుని తుపానులు పుట్టవు, మనకేమో అక్టోబరు వస్తే గుండె దడ. సోలార్ పలకల వాలు కూడా వేరే. అక్కడ దాదాపు పడుకోబెట్టినట్టు బిగిస్తారు. మనం 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కనుక ముఖం దక్షిణానికి పెట్టి 15 నుంచి 20 డిగ్రీల వాలు ఇవ్వాలి.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.

వాస్తవం: పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మే మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు కాగితే 12 నుంచి 16 శాతం ఆవిరి. సంక్రాంతి రోజుల చల్లని ఎండే దానికి ఒంటబడుతుంది.

అపోహ: పెద్ద బ్యాటరీ ఉంటే ముసురు గట్టెక్కినట్టే.

వాస్తవం: అందరూ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే లెక్క విప్పి చెబుతాను. లాప్‌టాప్ 50 వాట్ల చొప్పున 9 గంటలకు 450 వాట్ గంటలు (వెయ్యి వాట్ గంటలైతే ఒక యూనిట్). పక్కన ఇంకో తెర ఉంటే 200. రౌటర్ 12 వాట్లే కదా అంటారు, కానీ అది 24 గంటలూ వెలుగుతూ 288 తింటుంది. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే రకం) ఫ్యాను 30 వాట్లు, రాత్రీ పగలూ కలిపి 20 గంటలకు 600. దీపాలకు 100. ఎవరూ లెక్కలో వేయనిది ఇన్వర్టర్ సొంత తిండి. ఏ లోడూ లేకపోయినా 25 వాట్ల దాకా లాగుతూనే ఉంటుంది, అంటే రోజుకు 600. లాప్‌టాప్ కంటే ఎక్కువ! మొత్తం రెండుంబావు యూనిట్లు. ఇందులో ఫ్రిజ్ లేదని గమనించండి.

540 వాట్ల పలకలు రెండుంటే మంచి ఎండలో నష్టాలు పోను మూడున్నర యూనిట్లు వస్తాయి, దిగుల్లేదు. దట్టమైన ముసురులో ఐదో వంతు కూడా రాదు, అర యూనిట్‌కు కాస్త ఎక్కువ. 5 యూనిట్ల లిథియం బ్యాటరీ అయినా మూడో రోజుకు చేతులెత్తేస్తుంది. ఇంకో బ్యాటరీ చేరిస్తే దాన్ని నింపే దిక్కేది? అదే డబ్బులో సగం కూడా కాకుండా మరో రెండు పలకలు వేస్తే ముసురులోనూ యూనిట్ పైన వస్తుంది. ఆ రోజుల్లో ఇన్వర్టర్ కట్టేసి, లాప్‌టాప్‌ను, రౌటర్‌ను, ఒక డీసీ ఫ్యానును తగిన కన్వర్టర్లతో బ్యాటరీ మీదే నడిపితే ఖర్చు ఒకటిన్నర యూనిట్ల లోపే, ఆ కాస్త తేడా బ్యాటరీ భరిస్తుంది. లెక్క సరిపోయింది. ఏడాది సగటు కాదు, ఆ ఒక్క పాడు వారం చూసి కొనండి.

ట్యూబులర్ బ్యాటరీ కొనేవాళ్లకు ఒక మాట. 12 వోల్టుల 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1,800 వాట్ గంటలు, కానీ సగానికి మించి వాడితే దాని ఆయువు తరిగిపోతుంది. పనస చెట్టు నీడ సంగతి కూడా చూసుకోండి. పలక మీద ఒక మూల నీడ పడితే పోయేది ఆ మూల వాటా ఒక్కటే కాదు, వరుస అంతా కుంగుతుంది. చెట్టు కొట్టేద్దాం అనేముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం గుర్తుండాలి, అనుమతి కావలసి రావచ్చు. పలకలను చెట్టుకు దూరంగా నేల మీద నిలబెట్టడం నయం.

అపోహ: పీఎం సూర్యఘర్ సబ్సిడీ వస్తుంది.

వాస్తవం: 3 కిలోవాట్లకు 78,000 రూపాయలిచ్చే ఆ పథకం విద్యుత్ సంస్థ లైనుకు కలిపే పలకలకు. తీగే లేని మన బోటి ఇళ్లకు కాదు.

అపోహ: సొంత కరెంటు ఉంటే తుపాను వచ్చినా పని ఆగదు.

వాస్తవం: మీ ఇల్లు తీగ వదిలించుకుంది, మీ ఇంటర్నెట్ వదిలించుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వేలల్లో పడ్డాయి. కరెంటు పోతే టవరు తన బ్యాటరీ ఉన్నంతసేపే బతుకుతుంది. ఫైబరు తీగలు కూడా మన పల్లెలకు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి కాబట్టి స్తంభంతోపాటే నేలకొరుగుతాయి. అప్పుడు మీ ఇంట్లో దీపాలు వెలుగుతుంటాయి, ఫ్యాను తిరుగుతుంటుంది, ఆఫీసుకు మాత్రం మీరు గల్లంతైనట్టే. రెండు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి కదా అంటే, రెండింటి పరికరాలూ ఒకే టవరు మీద ఉండవచ్చు. కొనేముందే కనుక్కోండి.

విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ప్రకటన రాగానే మా తోటలో జరిగే పని ఇదీ: క్లాంపులు విప్పి, పలకలను ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ఇంట్లోకి చేర్చి గోడకు ఆనిస్తారు. ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది, ఒక్కరు మోసే సరుకు కాదు. రేకుల కప్పు మీద బిగించినవాళ్లకు ఈ వెసులుబాటు తక్కువ, గాలికి రేకుతోపాటే లేచిపోతాయి. తరువాత లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని విశాఖ రైలు ఎక్కడమే. ఆ వారం ఇలా ఉంటుందని ఉద్యోగంలో చేరేటప్పుడే మేనేజరుకు చెప్పి ఉంచాలి. స్టార్‌లింక్ (ఉపగ్రహ ఇంటర్నెట్) వస్తే బాధ తీరుతుంది అంటారు. 2025 జూన్‌లో దానికి మన దేశంలో లైసెన్సు ఇచ్చారు. మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది, 24 గంటలూ ఉంచితే దానికొక్కదానికే రెండు యూనిట్లు. పైన వేసిన లెక్క మళ్లీ మొదటికి.

అపోహ: సిగ్నల్ అందకపోతే బూస్టర్ పెట్టుకుంటే సరి.

వాస్తవం: అనుమతి లేని బూస్టర్ చట్టవిరుద్ధం, పైగా ఊరందరి సిగ్నల్‌నూ చెడగొడుతుంది. యాంటెన్నా తగిలించే వీలున్న 4జీ రౌటర్ కొని, ముప్పై అడుగుల గొట్టం మీద టవరు వైపు తిప్పిన యాంటెన్నా పెట్టండి. కేబుల్ పొడుగయ్యేకొద్దీ సిగ్నల్ అందులోనే ఇంకిపోతుంది కాబట్టి రౌటర్‌ను కూడా పెట్టెలో పెట్టి పైకే ఎక్కించడం మేలు. ఫోను మీది గీతలను నమ్మవద్దు. రౌటర్ సెట్టింగుల్లో ఆర్ఎస్ఆర్పీ (RSRP, సిగ్నల్ బలం) అనే మైనస్ అంకె చూడండి. మైనస్ 90 ఉంటే హాయి. మైనస్ 115 అయితే వీడియో కాల్ మీద ఆశ వదులుకోవాలి. వేసవిలో చూసి మురిసిపోకుండా ఆగస్టులో, ఆకులు తడిసి ఉన్నప్పుడు మళ్లీ చూడండి.

అపోహ: వాన తగలకుండా చూసుకుంటే పరికరాలకు ఢోకా లేదు.

వాస్తవం: వానకంటే తేమ, తేమకంటే పురుగూ పుట్రా. వెచ్చగా ఉంటుందని బల్లి ఇన్వర్టర్‌లో దూరుతుంది. తోక బోర్డు మీది ఒక పిన్నుకీ తల ఇంకో పిన్నుకీ తగిలిందా, బల్లితోపాటు బోర్డూ మాడుతుంది. గాలి కన్నాలకు సన్నని స్టీలు జాలి వేయండి, గుడ్డ కడితే వేడెక్కి చస్తుంది. లాప్‌టాప్‌ను వానాకాలంలో రోజుల తరబడి మూసి ఉంచకూడదు, రోజూ కాసేపు నడవాలి. ఎర్తింగ్‌కు రాతి నేల శత్రువు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతను వేసవిలో తడుపుతూ ఉండాలి, ఏప్రిల్, మే పిడుగులు అప్పుడే కదా.

అపోహ: ఏజెన్సీలో చవకగా ఎకరం కొనుక్కోవచ్చు.

వాస్తవం: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. కాగితం రాసిస్తామనేవాళ్లను దండం పెట్టి పంపేయండి. చట్టం సరే, ఆ భూమి ఎవరిదన్నది కూడా ఆలోచించాల్సిందే.

అపోహ: ఇక్కడ భయపడాల్సింది పాములకే.

వాస్తవం: మా ఉద్దానం వైపు ఎలుగుబంటిని తలచుకోనివారు లేరు. వేసవిలో జీడిమామిడి పళ్లు, పనస పళ్లు మాగినప్పుడు తోటల్లోకి వస్తాయి, చీకటిపడ్డాక మరీను. అమెరికా వేళల్లో పనిచేసేవాళ్లు మరుగుదొడ్డి ఇంటి లోపలే కట్టించుకోండి.