చలి సముద్రాల్లో గుల్లలను తొలిచేదెవరు?

ఉష్ణమండల పగడపు దిబ్బల్లో సున్నపు అస్థిపంజరాలను కొరికి పొడి చేయడంలో చిలుకచేపలది పెద్ద వాటా. నార్వే, స్కాట్లాండ్ తీరాల్లోని చల్లని లోతులేని నీటిలో ఆ చేపలుండవు. అక్కడ ఆ పని ఎక్కువగా కంటికి ఆనని జీవులది. పని నెమ్మదే. కానీ చల్లని నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరుగుతుంది, గుల్లలకు మూలమైన సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, నీటిలో ఎంత నిండుగా ఉందో చెప్పే సంతృప్తత తగ్గుతుంది. గుల్లలు పెరగడమూ, రాలిన చిప్పలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడడమూ నిదానిస్తాయి. అడుగున పడిన చిప్ప ఏళ్ల తరబడి అలా బయటే ఉండిపోతుంది.

ముందుగా లోపలికి దిగేవి సూక్ష్మజీవులు. వెలుతురు బాగా ఉన్నచోట హయెల్లా, మాస్టిగోకోలియస్ వంటి సయనోబాక్టీరియా (కాంతితో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా) చేరతాయి. ఇంకాస్త లోతున ఆస్ట్రియోబియం అనే ఆకుపచ్చ శైవలం ఉంటుంది. ఉపరితల కాంతిలో ఒక శాతం కన్నా తక్కువ అందినా అది బతుకుతుంది. చీకట్లో శిలీంధ్రాలదే రాజ్యం. సొరంగాల వెడల్పు సాధారణంగా కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఏ లోతులో ఏవి తొలుస్తాయో తెలుసు కాబట్టే, శిలాజ గుల్లల్లోని సొరంగాలను చూసి ఒకప్పటి సముద్రపు లోతును అంచనా వేయగలుగుతున్నారు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కిరణజన్య సంయోగక్రియ చుట్టూ ఉన్న నీటిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి నీటిని క్షారంగా మారుస్తుంది. అప్పుడు సున్నం పేరుకోవాలే గానీ కరగకూడదు. మాస్టిగోకోలియస్ మీద 2010లో వెలువడిన పరిశోధన దీన్ని విప్పింది. తొలిచే కొన దగ్గర ఆ జీవి కాల్షియం అయాన్లను పీల్చుకుని, కణం నుంచి కణానికి అందించుకుంటూ, తంతువు లాంటి తన శరీరపు వెనక భాగంలో బయటికి తోసేస్తుంది. కొన దగ్గర కాల్షియం తగ్గిపోవడంతో అక్కడి సున్నం దానంతటదే కరుగుతుంది. ఆమ్లం ఊసే లేకుండా రాయిని కరిగించే ఈ ఉపాయం నిజంగా అద్భుతం.

ఈ సొరంగాలను చూడాలంటే గుల్లనే మాయం చేయాలి. చిప్పను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి జీవపదార్థం పోగొడతారు. ఆల్కహాల్‌తో తేమ తీసేసి, శూన్యంలో ఎపాక్సీ రెజిన్ (గట్టిపడే జిగురు) ఎక్కిస్తారు. అది గట్టిపడ్డాక పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సున్నాన్ని కరిగిస్తే సొరంగాల అచ్చు మిగులుతుంది. దానికి బంగారు పూత వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తారు. తేమ మిగిలితే రెజిన్ సరిగ్గా గట్టిపడదు. జీవపదార్థం మిగిలితే సన్నని కొనల దాకా పాకదు. ఆమ్లం గాఢమైతే లేచే బుడగల ధాటికి అచ్చు విరిగిపోతుంది.

కంటికి కనిపించేవాటిలో ముఖ్యమైనది క్లయోనా సెలాటా అనే స్పంజిక (స్పాంజ్ జీవి). దాని ప్రత్యేక కణాలు సన్నని పోగులు చాచి, సున్నాన్ని గీత వెంబడి కరిగిస్తూ పదుల మైక్రాన్ల ముక్కను చుట్టూ కోసి విడదీస్తాయి. ఆ ముక్కలు నీటితో బయటికి కొట్టుకొచ్చి అడుగు బురదలో కలుస్తాయి. బతికున్న ఆల్చిప్పనూ ఇది వదలదు. రంధ్రాలు లోపలికి తేలకుండా ఆల్చిప్ప కొత్త పొరలు వేసుకుంటూ పోవాలి, ఎదుగుదలకు పోవాల్సిన శక్తి అక్కడ ఖర్చవుతుంది. పాలిడోరా పురుగులూ యు ఆకారపు బొరియలతో ఇలాగే పీడిస్తాయి.

సీ అర్చిన్లు ఐదు పళ్లతో, కైటన్లు (రాళ్లకు అతుక్కునే ఒక రకం గుల్లజీవులు) మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజపు తొడుగున్న పళ్లతో శైవలాలను గీకి తింటాయి. అప్పటికే తొలిచి గుల్లబారిన పైపొర వాటితోపాటే ఊడిపోతుంది. కొత్త తలం వెలుతురులోకి వస్తుంది, లోపలి శైవలాలు మరింత కిందికి తొలుస్తాయి.

స్కాలప్ అనే రెండు చిప్పల గుల్లజీవి చిప్పలపై 2013లో వెలువడిన ప్రయోగంలో, నీటి పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 8.1 నుంచి 7.8కి తగ్గించినప్పుడు క్లయోనా సెలాటా దాదాపు రెట్టింపు బరువు గుల్లను తొలిచేసింది. సంతృప్తత ముందే తక్కువగా ఉన్న చలి సముద్రాల్లో పీహెచ్ అలా పడిపోతే, తొలుపు పెరగడమే కాదు, ఆ నష్టాన్ని పూడ్చుకునే పొర వేయడమూ గుల్లజీవులకు కష్టమవుతుంది.