క్వినైన్ డ్రిప్ పక్కన గ్లూకోమీటర్ ఉండాలి

క్వినైన్‌లో ప్రాణం నిలబెట్టే మోతాదుకీ, ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకీ పెద్ద తేడా లేదు. 1820లో పెల్లెటియే, కవెంతూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సింకోనా చెట్టు బెరడు నుంచి వేరుచేసిన మలేరియా మందు ఇది.

మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అందులో మిగిలే హీమ్ అనే పదార్థం దానికే విషం. దాన్ని హానిలేని స్ఫటికాలుగా మార్చుకుని బతుకుతుంది. క్వినైన్ ఆ మార్పును అడ్డుకుంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుంటే మాత్రం క్వినైన్ ఏమీ చేయలేదు, దానికి ప్రైమాక్విన్ అనే మరో మందు కావాలి.

ప్రాణాపాయమైన ఫాల్సిపారం రకం మలేరియాకు ఇప్పుడు మొదటి మందు ఆర్టెసునేట్ ఇంజెక్షన్. ఇండియాతో సహా నాలుగు ఆసియా దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2005లో వచ్చాయి. క్వినైన్ ఇచ్చినవారిలో 22 శాతం, ఆర్టెసునేట్ ఇచ్చినవారిలో 15 శాతం చనిపోయారు. ఆర్టెసునేట్ దొరకని చోటే క్వినైన్ ఎక్కించాలి.

మొదటి మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. 50 కిలోల మనిషికి 1000 మిల్లీగ్రాములన్నమాట. దాన్ని 5 శాతం డెక్స్ట్రోస్ (చక్కెర) ద్రావణంలో కలిపి నాలుగు గంటలపాటు నిదానంగా ఎక్కించాలి. ఆపైన ప్రతి 8 గంటలకూ కిలోకు 10 చొప్పున. సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. రోగి అంతకుముందే క్వినైన్ వేసుకుని ఉంటే ఆ పెద్ద మోతాదు వద్దు. అందుకే డ్రిప్ పెట్టేముందు ఆ సంగతి అడిగి తీరాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది రక్తంలో చక్కెర పడిపోవడం గురించి. క్వినైన్ క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. గర్భిణుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఒళ్లంతా చెమటలు, మగత, ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్లు మలేరియా మెదడుకెక్కిందనుకుని ఊరుకుంటారు. డ్రిప్‌లో డెక్స్ట్రోస్ ఉందిగా అన్న ధీమా పనికిరాదు, అది ఎక్కుతుండగానే చక్కెర మళ్లీ పడిపోవచ్చు. నాలుగు గంటలకోసారి వేలి చివర రక్తపు చుక్క తీసి చూడాలి. పడిపోతే గాఢమైన డెక్స్ట్రోస్ వెంటనే ఇవ్వాలి.

రోగి మింగగలిగాక మాత్రలకు మారుస్తారు. మొత్తం 7 రోజుల కోర్సు, తోడుగా డాక్సీసైక్లిన్. గర్భిణులకు, చిన్నపిల్లలకు దాని బదులు క్లిండామైసిన్. చేదు, వికారం, చెవుల్లో హోరు తట్టుకోలేక, జ్వరం తగ్గిందికదా అని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. మానేస్తే జ్వరం తిరగబెడుతుంది. చెవుల్లో హోరు సాధారణంగా మందు ఆపాక పోతుంది. చూపు మసకబారితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. మోతాదు మితిమీరితే శాశ్వతంగా చూపు పోవచ్చు.

రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని క్వినైన్ మింగడం కొని తెచ్చుకునే ప్రమాదం. కొందరి శరీరం దానికి ఎదురుతిరిగి ప్లేట్‌లెట్లను నాశనం చేస్తుంది, చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద ఎర్రచుక్కలు కనిపిస్తాయి. టానిక్ వాటర్ అనే చేదు కూల్‌డ్రింక్‌లోనూ క్వినైన్ ఉంటుంది, అమెరికాలో అది లీటరుకు 83 మిల్లీగ్రాములకు మించకూడదు. మలేరియాను నయం చేయడానికి ఆ మోతాదు ఏ మూలకూ చాలదు. కానీ ఒకసారి క్వినైన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి ఆ కాస్తే ముప్పు తేగలదు. అలాంటివారు టానిక్ వాటర్ జోలికే వెళ్లకూడదు, ఆ సంగతి తమ మెడికల్ రికార్డులో రాయించుకోవాలి.