వస్తడేమో, వస్తడు ఏమో: మాటల అతుకుల మీద అపోహలు - వాస్తవాలు

నేనుండేది హన్మకొండల. పని ఏందంటే జనం మాట్లాడిన రికార్డింగులు విని, ఏ మాట యాడ మొదలైంది యాడ ఆగింది అని కంప్యూటర్ల గీతలు పెట్టుడు. చదివింది భాషాశాస్త్రం. "మాటలు వినుడు గూడ నౌకరేనా" అని చుట్టాలు అడుగుతనే ఉంటరు, వాళ్లకు జవాబు చెప్పుడు బంద్ జేసిన. కానీ వాక్యం గురించి, పలుకుడు గురించి అందరు ఒక్కతీరుగ అనే మాటలు కొన్ని ఉన్నయ్, వాటి సంగతి రాద్దామని కూసున్న.

అపోహ: మాటకు మాటకు నడుమ గ్యాప్ ఇచ్చి పలుకుతం.

రాతల ఇస్తం, నోట్ల ఇయ్యం. కరీంనగర్ దిక్కు ఒకామె రికార్డింగ్‌ల "మా అత్త అత్తాంది" అన్నది (తెల్వనోళ్ల కోసం: 'వస్తాంది' మన దిక్కు ముందటి 'వ' పోయి, 'స్త' కాస్త 'త్త' అయ్యి అత్తాంది అయితది). గొంతును అలల లెక్క గీసి చూపించే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌ల ఓపెన్ చేసి చూస్తే అలల నడుమ ఖాళీ రెండే చోట్ల కనవడ్డది, ఆ రెండూ 'త్త'ల లోపలనే! 'త్త' అనేటప్పుడు నాలుక పండ్లకు ఆని గాలి ఆగుతది కదా, గదే ఆ ఖాళీ. అత్తకు అత్తాందికి నడుమ మాత్రం ఏం లేదు, "మాయత్తత్తాంది" అని ఒక్క ఊపుల పోయింది. అయినా ఏది చుట్టం ఏది క్రియ అని వినేటోనికి డౌట్ రాదు, ఎందుకంటే తెలుగుల క్రియ ఎక్కువగ చివరికే వస్తది, 'ఆంది' తగిలేది దానికే, చెవికి అది ముందే ఎర్క.

అపోహ: సంధి అంటే రెండు అక్షరాల పంచాయితి, వాక్యంతోని దానికేం పని.

బడిల మనకు చెప్పింది గిదే, ఉకారం మీద అచ్చు వస్తే సంధి నిత్యం అని. సరే, ఇగ ఇవి రెండు పైకి అని చూడున్రి. ఒకటి: "రేపు వస్తడేమో." ఇంకోటి: "రేపు వస్తడు. ఏమో, నాకేం ఎర్క!" రెండింట్ల 'డు' పక్కన 'ఏ'నే ఉంది. మొదటిదాంట్ల 'ఏమో' క్రియను పట్టుకోని యేలాడుతది కాబట్టి ఉకారం పోయింది, రెండోదాంట్ల కొత్త వాక్యం షురువైంది కాబట్టి 'డు' కదలకుండ కూసుంది. బలవంతంగ కలిపి చూడున్రి, అర్థమే మారిపోతది.

ఇది నేను కనిపెట్టింది కాదు, పాత వ్యాకరణాలల్లనే ఉంది, మనం చూడక. చిన్నయసూరి 1858ల బాలవ్యాకరణంల గసడదవాదేశానికి (అంటే క, చ, ట, త, ప పోయి గ, స, డ, ద, వ వచ్చుడు) పెట్టిన షరతేంది? 'ప్రథమ మీది' పరుషాలకు అని, అంటే ప్రథమా విభక్తిల ఉన్న మాట పక్కన వచ్చే క, చ, ట, త, పలకు. అంటే ముందటి మాట ఏ అక్షరంతోని అయిపోయింది అని గాదు, ఏ విభక్తిల ఉంది అని అడుగుతాండు! ద్వంద్వ సమాసానికి గూడ అంతే. అన్న, తమ్ముడు జంటగ చేరితే అన్నదమ్ములు, 'త' పోయి 'ద' వస్తది, తల్లిదండ్రులు గూడ గట్లనే. అదే "మా అన్న తమ్ముడు" అంటే (అంటే నేనే అన్నట్టు) అక్కడ అన్న యొక్క తమ్ముడు కాబట్టి 'ద' రాదు. అవే రెండు మాటలు, అదే వరుస, వాటి నడుమ చుట్టరికం మారితే హల్లు మారింది. నాకు ఇప్పటికీ సంధి పాఠంల అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట ఇది, పిల్లలకు మాత్రం దీన్ని సూత్రం బట్టీ పట్టించి చంపుతరు.

అపోహ: యాస అంటే ఎట్లవడితే అట్ల మింగుడు.

మావోడు వస్తడు, చేస్తడు అనకుండ అత్తడు, చేత్తడు అంటడు, మంచిదే. మరి మస్తును మత్తు అంటడా? దోస్తును దోత్తు అంటడా? అనడు. "దోస్తు మస్తు చేత్తడు" అంటడు. ఉర్దూ నుంచి వచ్చిన మాటలల్ల 'స్త' అట్లనే ఉంటది, క్రియకు కాలం చెప్పే ముక్క అతికిన కాడ 'త్త' అయితది. మింగేటోడైతే అన్నీ మింగుతుండె కదా.

అపోహ: గొంతు లేపి ఒత్తి పలికితే ఏ మాట ముఖ్యమో తెలుస్తది, అంతే.

ఇంగ్లీషుల చానమట్టుకు అంతే, మనకు సరిపోదు. "నువ్వు చేసినవా?" వేరు, "నువ్వా చేసింది?" వేరు. అనుమానం మనిషి మీద ఉంటే ప్రశ్న అడిగే 'ఆ' జరిగి 'నువ్వు'కే అతుకుతది, చేసినవు కాస్త చేసింది అయితది, వాక్యమే తిరగవడుతది. గొంతు మీద పడాల్సిన బరువు చానా వరకు మనం వాక్యం మీదనే ఏస్తం.

అపోహ: గ్రామర్ల విరుపు ఉన్నకాడ నోట్ల ఆగుతం, నోట్ల ఆగినకాడ గ్రామర్ల విరుపు ఉంటది.

పద్యం చూడున్రి. సంస్కృతంల యతి అంటే ఆగుడే. తెలుగుల మాత్రం మొదటి అక్షరంతోని జత కుదురుడు, ఉత్పలమాలల 10వ అక్షరం, చంపకమాలల 11వది. మాట దాని మీదికెళ్లి దర్జాగ పోతది, పాదం దాటి గూడ పోతది. పోతన బమ్మెర మనకు ఇంత దగ్గర్ల పెట్టుకోని గూడ స్టేజీల మీద పిల్లలు యతి కాడ ఠక్కున ఆగి మాటను సగానికి ఇరగ్గొడుతరు, వింటాంటే పాణం ఉసూరుమంటది.

మామూలు మాటలల్ల గూడ అంతే. ఒక యాప్‌ల మిషన్ గొంతు కోసం నేను గీతలు పెట్టిన, అండ్ల "నేను వద్దని చెప్పిన" అని ఒక వాక్యం. మనిషి చెప్పింది "వద్దు అని నేను చెప్పిన" అని. నేనేమో 'వద్దని' తర్వాత విరుపు పెట్టిన, మిషన్ "నేను వద్దని... చెప్పిన" అని చదివింది, అంటే తననే ఎవరికో వద్దని చెప్పుకున్నట్టు! ఆఫీసుల రెండు రోజులు నవ్విన్రు. తప్పు నాదే, కాకపోతే అసలు రికార్డింగ్ మల్ల వింటే ఆయన "నేనొద్దని చెప్పిన" అని గబగబ అనేసిండు, యాడా ఆగలే, అతుకు కనవడనే కనవడదు. ముందటి వాక్యం విన్నంకనే తెలిసింది, పొలం అమ్ముడు గురించి మాట్లాడుతాండు. గీత జరిపి 'నేను' తర్వాత పెట్టిన.