తర్వాతి మేనేజర్ ఎవరన్న వాదన వెనక వందేళ్ళ కథ

ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజర్ కుర్చీ ఖాళీ అయిందని తెలిస్తే చాలు, అభిమానులు పేర్లు వల్లెవేయడం మొదలుపెడతారు. కొందరికి కొత్త పద్ధతి తెచ్చే కుర్ర కోచ్ కావాలి. కొందరికి ఒకప్పుడు ఆ క్లబ్బుకే ఆడిన హీరో కావాలి. పాతవాణ్ణే ఇంకో ఏడాది ఉంచితే సరిపోయేదన్న వాళ్ళూ ఉంటారు. వాదన ఎంత సాగినా తేలదు. అందరూ ఒకే కుర్చీ గురించి మాట్లాడుతున్నట్టు కనిపించినా, ఒక్కొక్కరి మనసులో ఉన్నది ఒక్కో కాలపు ఉద్యోగం. ఇంగ్లండ్‌లో ఆ ఉద్యోగం కనీసం మూడుసార్లు రూపం మార్చుకుంది.

1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైన రోజుల్లో జట్టును ఎంపిక చేసింది డైరెక్టర్ల కమిటీలే. ప్రయాణాలు, జీతాలు, ఉత్తరాలు చూసుకోవడానికి ఒక సెక్రటరీ ఉండేవాడు. ఆస్టన్ విల్లా ఆ పద్ధతిలోనే ఆరు లీగ్ టైటిళ్ళు, ఆరు ఎఫ్.ఏ. కప్పులు (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ) గెలిచింది. పూర్తి స్థాయి మేనేజర్‌ను పెట్టుకున్నది 1934లో. రెండేళ్ళు తిరక్కుండానే, తన చరిత్రలో మొదటిసారి, కింది డివిజన్‌కు పడిపోయింది.

జట్టు ఎంపిక, ఆటతీరు, కొనుగోళ్ళు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండాలన్న ఆలోచనను నిలబెట్టినవాడు హెర్బర్ట్ చాప్‌మన్. హడర్స్‌ఫీల్డ్‌కు వరసగా రెండు లీగ్ టైటిళ్ళు తెచ్చి 1925లో ఆర్సెనల్‌కు వచ్చాడు. అదే ఏడాది ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. బంతి అందుకునే ఆటగాడికి, గోల్ లైనుకు మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాల్సింది ఇద్దరికి తగ్గింది, గోల్స్ వెల్లువెత్తాయి. చాప్‌మన్ మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాక్‌ల, అంటే డిఫెండర్ల, మధ్య నిలబెట్టాడు. ఇలాంటి మార్పు వారానికోసారి కూర్చుని ఓట్లు వేసే కమిటీ వల్ల అయ్యేది కాదు. అయినా కమిటీలు తేలిగ్గా వదల్లేదు. ఇంగ్లండ్ జాతీయ జట్టునైతే సెలెక్టర్లే ఎంపిక చేస్తూ వచ్చారు. 1963లో ఆల్ఫ్ రామ్‌సే, ఎంపిక పూర్తిగా తనదేనని షరతు పెట్టాకే ఆ బాధ్యత తీసుకున్నాడు. మూడేళ్ళకు ప్రపంచకప్ వచ్చింది.

అంతా ఒక్కడి చేతిలో పెడితే, అతను వెళ్ళిపోయిన రోజున ఏం చేయాలి? ఈ ప్రశ్న మొదట గట్టిగా తగిలింది మాంచెస్టర్ యునైటెడ్‌కు. 1945 నుంచి క్లబ్బును నడిపిన మ్యాట్ బస్బీ 1969లో తప్పుకున్నాడు. అతని స్థానంలో రిజర్వ్ జట్టు చూసే విల్ఫ్ మెక్‌గిన్నెస్ వచ్చాడు. అతనికి ఇచ్చిన హోదా చీఫ్ కోచ్ మాత్రమే. బస్బీ జనరల్ మేనేజర్‌గా అదే భవనంలో ఉన్నాడు. నిన్నటిదాకా తమతో కలిసి తిరిగిన మనిషి మాట సీనియర్ ఆటగాళ్ళు ఎందుకు వింటారు, పై గదిలో పెద్దాయన ఉండగా? 1970 డిసెంబర్‌లో మెక్‌గిన్నెస్‌ను దించేశారు. తర్వాత ఫ్రాంక్ ఓఫారెల్, ఆ తర్వాత టామీ డొచర్టీ వచ్చారు. 1974లో జట్టు రెండో డివిజన్‌కు జారింది.

అదే 1974లో లివర్‌పూల్‌లో బిల్ షాంక్లీ తప్పుకుంటే, సహాయకుడు బాబ్ పైస్లీ కుర్చీ ఎక్కి తొమ్మిదేళ్ళలో ఆరు లీగ్ టైటిళ్ళు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. లోపలి మనిషికే ఇవ్వాలనే వాళ్ళు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇదే. మెక్‌గిన్నెస్ కూడా లోపలి మనిషేనన్నది మాత్రం ఎవరూ గుర్తుచేయరు. తేడా వచ్చింది అధికారం దగ్గర. పైస్లీ అప్పటికే శిక్షణ శిబిరంలో దశాబ్దాలుగా ఉన్నవాడు, అతనితో పనిచేసే కోచ్‌లు మారలేదు, షాంక్లీ మళ్ళీ పగ్గాలు పట్టలేదు.

ఓపిక పట్టాలనే వాదనకు మూలపురుషుడు అలెక్స్ ఫెర్గూసన్. 1986 నవంబర్‌లో యునైటెడ్‌కు వచ్చాడు. 1989 డిసెంబర్‌ నాటికి సొంత మైదానంలోనే అతన్ని సాగనంపమనే బ్యానర్ ఎగిరింది. 1990 జనవరి 7న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌పై ఎఫ్.ఏ. కప్ మ్యాచ్‌లో మార్క్ రాబిన్స్ కొట్టిన ఒక్క గోల్‌తో జట్టు గట్టెక్కింది. ఆ మేలో కప్పు, 1993లో మొదటి లీగ్ టైటిల్, 2013లో రిటైరయ్యే నాటికి మొత్తం 13 టైటిళ్ళు. దీన్ని సాక్ష్యంగా చూపడం అంత నిలబడే వాదన కాదు. గడువిచ్చినా ఫలితం తేలేకపోయిన మేనేజర్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి లెక్క ఒకవైపుకే ఒరుగుతుంది. పైగా ఫెర్గూసన్‌కు అకాడమీ, స్కౌట్లు, ఆటగాళ్ళ బదిలీలు అన్నిటి మీదా పట్టుండేది. తన వారసుడిగా అతనే ఎంచిన డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ళ ఒప్పందం ఇచ్చారు. 2014 మార్చిలో కొందరు అభిమానులు డబ్బు పోగేసి, మోయెస్ వెళ్ళిపోవాలని రాసిన బ్యానర్‌తో మైదానం మీదుగా విమానం తిప్పించారు. ఏప్రిల్‌లో ఒప్పందం ముగిసిపోయింది. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్‌తో ఆర్సెనల్ ఆడుతుండగా అయితే ఏకంగా రెండు విమానాలు వచ్చాయి, ఒకటి ఆర్సెనల్ మేనేజర్ ఆర్సెన్ వెంగర్‌ను పంపమని, ఇంకోటి నమ్ముదామని.

ఈ మధ్యలోనే ఉద్యోగం మళ్ళీ చిన్నదైంది. 2008 సెప్టెంబర్‌లో వెస్ట్ హామ్ నుంచి అలన్ కర్బిష్లీ, న్యూకాజిల్ నుంచి కెవిన్ కీగన్ రోజుల తేడాతో రాజీనామా చేశారు. బదిలీల్లో తమ మాట కాదని క్లబ్బు నడిచిందన్నదే ఇద్దరి ఫిర్యాదు. ఇద్దరూ ట్రిబ్యునల్‌లో గెలిచారు, కీగన్‌కు 20 లక్షల పౌండ్ల పరిహారం వచ్చింది. ఆ తర్వాత క్లబ్బులు ఒప్పందాలను జాగ్రత్తగా రాయించుకుంటున్నాయి. హోదా హెడ్ కోచ్, ఆటగాళ్ళ కొనుగోలు స్పోర్టింగ్ డైరెక్టర్ చూస్తాడు. 2024 నవంబర్‌లో రూబెన్ అమోరిమ్‌ను యునైటెడ్ తీసుకున్నది ఈ హోదాతోనే.

అందుకే ఇప్పుడు నియామకంలో పేరు చివరికి వస్తుంది. ముందు చూసేది జట్టులో ఎవరున్నారు, ఏ ఆటతీరుకు సరిపోతారన్నది. 2015లో యుర్గెన్ క్లోప్‌ను మేనేజర్‌గా తీసుకునేటప్పుడు, అంతకు ముందు సీజన్‌లో అతను నడిపిన జర్మన్ క్లబ్బు డార్ట్‌మండ్ ఏడో స్థానంలో ముగించిన సంగతిని లివర్‌పూల్ పరిశోధకుడు ఇయాన్ గ్రాహమ్ పక్కన పెట్టాడు. సృష్టించిన, ఇచ్చుకున్న గోల్ అవకాశాలను లెక్కేస్తే ఆ జట్టు జర్మనీలో బయెర్న్ తర్వాత స్థానంలో ఉండాల్సిందని తేలింది. అంటే ఆట బాగుంది, అదృష్టం బాగాలేదు. 2024 జనవరిలో క్లోప్ వెళ్ళిపోతానని ప్రకటించాక అభిమానుల్లో ఎక్కువ మంది మాజీ ఆటగాడు షాబీ అలొన్సోను కోరుకున్నారు. మార్చి 29న అతను తాను కోచ్‌గా ఉన్న జర్మన్ క్లబ్బు లెవర్కూసెన్‌లోనే ఉంటానన్నాడు. లివర్‌పూల్ డచ్ క్లబ్బు ఫెయెనోర్డ్ నుంచి ఆర్నె స్లాట్‌ను తెచ్చింది. అతని పద్ధతికి ఉన్న జట్టే సరిపోయింది. ఆ సీజన్‌లో ఆడేందుకు బయటి నుంచి వచ్చింది కియేజా ఒక్కడే, అయినా ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉండగానే టైటిల్ ఖాయమైంది.

యునైటెడ్ కథ దీనికి పూర్తి విరుద్ధం. 2024 జూలైలో మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ ఒప్పందాన్ని పొడిగించి, అక్టోబర్‌లో తీసేసింది. అతన్ని, సహాయకులను పంపడానికి సుమారు 1.04 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అమోరిమ్ కోసం అతని పాత క్లబ్బు, పోర్చుగల్‌లోని స్పోర్టింగ్‌కు కట్టింది 1.1 కోట్ల యూరోలు: ఒప్పందంలోని విడుదల మొత్తం ఒక కోటి, 30 రోజుల నోటీసు గడువు పూర్తికాకుండా వదిలినందుకు మరో పది లక్షలు. బ్రిటన్ వీసా కోసం ఆగాల్సి కూడా వచ్చింది. అతని 3-4-3లో (ముగ్గురు డిఫెండర్లు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) అంచుల వెంట పైకీ కిందికీ పరిగెత్తే వింగ్ బ్యాక్‌లు ఇద్దరు తప్పనిసరి. నలుగురు డిఫెండర్ల ఆటకు కూర్చిన ఆ జట్టులో అలాంటివాళ్ళు లేరు. సీజన్ నడుమ కావడంతో మ్యాచ్‌ల మధ్య శిక్షణకు రోజులు దొరకలేదు. జనవరిలో వింగ్ బ్యాక్ పాట్రిక్ డోర్గును కొన్నా చివరికి దక్కింది 15వ స్థానం. ఎంత మంచి కోచ్ అనే ప్రశ్నకు ముందే, ఏ నెలలో తెస్తున్నారన్నది సగం ఫలితాన్ని తేల్చేసింది.

తాత్కాలిక మేనేజర్ బాగా ఆడిస్తున్నాడు, అతన్నే ఖాయం చేయండనే మాట కూడా ప్రతిసారీ వస్తుంది. యునైటెడ్ తాత్కాలిక మేనేజర్‌గా ఓలె గునార్ సోల్షేర్ మొదటి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు, 2019 మార్చిలో ఖాయం చేశారు. ఆ సీజన్‌ను యునైటెడ్ ఆరో స్థానంలో, అప్పటికే కింది డివిజన్ ఖాయమైన కార్డిఫ్ చేతిలో ఓటమితో ముగించింది. 1986 నుంచి 2004 వరకు డచ్ లీగ్‌లో మేనేజర్ల మార్పులను పరిశీలించిన ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్‌కు, మార్చినందువల్ల ఫలితాలు మెరుగైన ఆనవాలు కనిపించలేదు. వరస ఓటముల్లో కొంత దురదృష్టం కలిసి ఉంటుంది. అట్టడుగున ఉన్నప్పుడే మేనేజర్‌ను మారుస్తారు కాబట్టి, మార్చకపోయినా వచ్చే మెరుగు కొత్తవాడి ఖాతాలో పడుతుంది. ఇక తర్వాతి మేనేజర్ ఎవరన్నదానిపై పందెం కంపెనీలు ఇచ్చే రేట్లను నమ్ముకోవడం మరీ దండగ. ఈ పందేల్లో తిరిగే సొమ్ము తక్కువ, కొద్ది మంది ఒక పేరు మీద కాస్తేనే రేటు పడిపోతుంది, ఆ పడిపోవడమే మర్నాటి వార్త అవుతుంది.

అభిమానులకు నేరుగా ఓటున్న చోట కూడా లెక్క సూటిగా సాగదు. బార్సిలోనాలో అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. 2021 మార్చి ఎన్నికల్లో విక్టర్ ఫాంట్ తన ప్రణాళికను క్లబ్బు మాజీ ఆటగాడు షావీ చుట్టూ కట్టి ప్రచారం చేసి ఓడిపోయాడు. గెలిచిన జోన్ లపోర్టా అప్పటికే కోచ్‌గా ఉన్న కూమన్‌తో నెట్టుకొచ్చి అక్టోబర్‌లో తీసేశాడు. నవంబర్‌లో అతను తెచ్చింది షావీనే.